మన ముఖానికి కొలతలేవి?

వీఆర్ హెడ్‌సెట్ ఓ అరగంట పెట్టుకుని తీసినవాళ్ల ముఖాన్ని పరీక్షగా చూడండి. నుదుటికి అడ్డంగా ఎర్రటి చార ఉంటుంది. చెంప ఎముకల మీద రెండు నొక్కుళ్లుంటాయి. కొందరికి ముక్కు దూలం దగ్గర కూడా కమిలినట్టుంటుంది. నుదుటి మీద చార మరీ లోతుగా ఉంటే పట్టీ బిగించేశారని, చెంపల మీద ఎక్కువగా ఉంటే ముందు బరువు కిందికి వాలిపోయిందని, ఒక్క చెంప మీదే ఉంటే పట్టీ ఓ పక్కకు లాగిందని అర్థం. ఆ పరికరం తయారుచేసినవాళ్ల లెక్కలో ఈ ముఖం ఉందో లేదో కాసేపట్లో మాసిపోయే ఆ గుర్తులే చెబుతాయి.

తలకు తొడుక్కునే తెరల గురించి ప్రకటన వస్తే అందులో చిప్ వేగం ఉంటుంది, తెర స్పష్టత ఉంటుంది, కెమెరాల లెక్క ఉంటుంది. ముఖానికి ఆనే మెత్త గురించి ఒక్క వాక్యం ఉంటే గొప్ప. నిజానికి ఆ పరికరం రోజూ వాడతారా, పది రోజుల తర్వాత బీరువా ఎక్కిస్తారా అన్నది తేల్చేది అన్నిటికన్నా చవకగా దొరికే ఆ ఫోమ్ ముక్కే.

ఈ సంగతి ఫేస్‌బుక్ సంస్థకు 2021లో గట్టిగానే తెలిసివచ్చింది. అంతకుముందు ఏడాది అక్టోబరులో విడుదలైన ఆ సంస్థ హెడ్‌సెట్ ఓక్యులస్ క్వెస్ట్ 2 బాగా అమ్ముడుపోతోంది. పెట్టుకున్నవాళ్లలో కొందరికి కళ్ల చుట్టూ ఎర్రబారడం, దురద, వాపు మొదలయ్యాయి. ఫిర్యాదులు 5,716కి చేరాయి. సుమారు 45 మంది వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. జులైలో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థతో కలిసి ఒక్క ఆ దేశంలోనే దాదాపు 40 లక్షల ఫోమ్ మెత్తలను రీకాల్ జాబితాలో చేర్చారు. కొత్త హెడ్‌సెట్ల అమ్మకం ఆపేశారు. అప్పటికే కొన్నవాళ్లు అడిగితే మెత్త మీద తొడుక్కోవడానికి సిలికాన్ తొడుగు ఉచితంగా ఇస్తామన్నారు. ఆగస్టు చివర్లో అమ్మకాలు మళ్లీ మొదలయ్యాయి. తెరలో లోపం లేదు, ప్రాసెసర్ బాగానే పనిచేస్తోంది. చర్మానికి తగిలే చోట తేడా వచ్చేసరికి వ్యాపారమే ఆగింది.

మెత్త చేసే పని

మెత్త ఉన్నది మెత్తదనం కోసమే అనుకుంటాం. దాని అసలు పని కంటిని కటకం ముందు సరిగ్గా ఉండాల్సిన చోట నిలపడం. హెడ్‌సెట్‌లోని కటకానికి ఒక చిన్న కేంద్ర ప్రాంతం ఉంటుంది. కనుపాప అక్కడుంటేనే అక్షరాలు గీత గీసినట్టు కనిపిస్తాయి. మూడు నాలుగు మిల్లీమీటర్లు పైకో పక్కకో జరిగితే అంచులు అలుక్కుపోతాయి. కన్ను కటకానికి దూరమయ్యేకొద్దీ దృశ్యం ఇరుకై, గొట్టంలోంచి చూస్తున్నట్టవుతుంది. మరీ దగ్గరైతే కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగిలి జిడ్డు మరకలు పడతాయి. అందుకే మెత్త మందం అయిదు మిల్లీమీటర్లు మారితే చూసే లోకమే మారిపోతుంది.

రెండు కనుపాపల మధ్య దూరం మరో చిక్కు. పెద్దవాళ్లలో అది సగటున 63 మిల్లీమీటర్లు. 50కి దగ్గరగా ఉన్నవాళ్లూ ఉన్నారు, 75 ఉన్నవాళ్లూ ఉన్నారు. క్వెస్ట్ 2లో కటకాలు 58, 63, 68 మిల్లీమీటర్ల దగ్గర మాత్రమే ఆగేవి. మీది ఏ 54గానో ఉంటే సర్దుకుపోవాల్సిందే. హెడ్‌సెట్ పెట్టుకుంటే మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువగా కడుపులో తిప్పుతుందని చాలాకాలం ఒక మాట నడిచింది. అది శరీర స్వభావమని సరిపెట్టుకున్నారు కూడా. కే స్టానీ బృందం 2020లో ప్రచురించిన పరిశోధన ఆ మాటను నిలదీసింది. కటకాల దూరం కంటి దూరానికి కుదరకపోవడమే ఈ తేడాకు ముఖ్య కారణమని, దూరం కుదిరిన ఆడవాళ్ల అనుభవం మగవాళ్లకు దాదాపు సమానంగానే ఉందని చెప్పింది. ఎన్నో ఏళ్లు ఆడవాళ్ల ఒంటి మీదికి నెట్టిన తప్పు ప్లాస్టిక్ చట్రానిదని తేలింది. ఈ రంగంలో అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సిన ఫలితం ఇదేనని నా అభిప్రాయం.

అర కిలో ఎందుకంత బరువు?

క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. చేత్తో పట్టుకుంటే ఏమంత బరువనిపించదు. ముఖానికి తగిలించుకున్న ఇరవై నిమిషాలకు మెడ వెనక నరాలు లాగడం మొదలవుతుంది. కారణం ఆ బరువు వేలాడే చోటు.

తల, మెడ మీద దాదాపు చెవుల సూటిలో ఉన్న కీలు మీద ఊగుతుంది. ఆ కీలుకు 15 సెంటీమీటర్లు ముందుగా అర కిలో బరువు వేలాడుతోందనుకుందాం. బరువును దూరంతో హెచ్చిస్తే 7.5 వస్తుంది. తల ముందుకు వాలిపోకుండా మెడ వెనక కండరాలు అంత బలాన్నీ ఎడతెగకుండా కాస్తూ ఉండాలి. ఇప్పుడు కీలుకు 10 సెంటీమీటర్లు వెనగ్గా 300 గ్రాముల బ్యాటరీ పెడితే అది ఆ లెక్కలో 3 మేర వెనక్కి లాగుతుంది, మిగిలేది 4.5. మొత్తం బరువు 800 గ్రాములకు పెరిగినా మెడకు మాత్రం హాయి. రాత్రిపూట చూపునిచ్చే గాగుల్స్ పెట్టుకునే హెలికాప్టర్ పైలట్లు హెల్మెట్ వెనక తూకపు బరువు కట్టుకోవడం ఈ లెక్కతోనే. యాపిల్ విజన్ ప్రో 2024 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు 600 నుంచి 650 గ్రాములు ఉండేది. బ్యాటరీని తీగతో జేబులోకి పంపినా ముందు బరువు భరించలేకపోతున్నామని వాడినవాళ్లు వాపోయారు. 2025 అక్టోబరులో తెచ్చిన కొత్త మోడల్ 750 గ్రాములు దాటింది. తల వెనక పట్టీలో టంగ్‌స్టన్ ముక్కలు కుట్టి తూకం సరిచేశారు. తేలిక చేయడానికి బరువు పెంచాల్సి వచ్చింది.

ముందు బరువుకూ ముఖం మీది నొప్పికీ నేరుగా సంబంధం ఉంది. బరువు కిందికి వాలుతుంది. మెత్త కింది అంచు చెంపల్లోకి దిగుతుంది. చిత్రం మసకబారుతుంది. పెట్టుకున్న మనిషి ఏం చేస్తాడు? పక్క పట్టీలు ఇంకాస్త బిగిస్తాడు. అప్పుడు నుదురు నొక్కుకుపోతుంది. పది నిమిషాల్లో తలనొప్పి. సరైన పద్ధతి వేరు. పట్టీ వెనక భాగం తల వెనక ఉబ్బెత్తు ఎముక కిందికి దిగాలి, పైకి జారకూడదు. నడినెత్తి మీదుగా వచ్చే పట్టీ ముందు భాగాన్ని ఎత్తి పట్టాలి. పక్క పట్టీలు చివర్లో, ఊరికే కదలకుండా ఉండేంత వరకే. వేలు మెత్త అంచు కింద కొద్దిపాటి ఒత్తిడితో దూరాలి. కొత్తగా పెట్టుకునేవాళ్లకు ఈ నాలుగు మాటలు చెప్పేవాళ్లే ఉండరు.

ఈ బరువును ఎక్కడ మోయించాలన్నది యాభై ఏళ్లుగా తేలని ప్రశ్న. 1968లో హార్వర్డ్‌లో ఇవాన్ సదర్లాండ్ చేసిన తొలి తలతెరలో తల కదలికను కొలిచే యంత్రపు చేయి పైకప్పు నుంచి వేలాడేది. చూసేవాళ్లు దాని కింద నిలబడి తలను బిగించుకోవాలి. నింటెండో 1995లో వర్చువల్ బాయ్‌ని బల్ల మీద స్టాండుకు బిగించి, మనిషినే వంగి ముఖం ఆనించమంది. మరుసటి ఏడాదికే అది మూలనపడింది. 2016లో సోనీ ప్లేస్టేషన్ వీఆర్‌కు తలచుట్టూ ఒక వలయం పెట్టి, బరువును నుదుటి పైభాగానికీ తల వెనక్కీ పంచి, తెరను దాని నుంచి వేలాడదీసింది. ముఖానికి తగిలేది వెలుతురు రాకుండా ఆపే పల్చటి రబ్బరు రెక్క మాత్రమే. 610 గ్రాములున్నా ఆనాటి హెడ్‌సెట్లలో సౌకర్యానికి దానికే మంచి పేరొచ్చింది.

నొక్కకూడని చోట్లు

ముఖం అంతా ఒకేలా ఉండదు. కనుబొమల మీద ఎముక అంచున, ముక్కు పక్క నుంచి కొద్ది దూరంలో ఒక నరం బయటికి వస్తుంది. కంటి గుంట కింది అంచుకు సుమారు సెంటీమీటరు దిగువన, చెంపలో మరొకటి. ఈ రెండు చోట్లా ఒత్తిడి నిలిస్తే నొప్పి నుదురంతా, పైపెదవి దాకా పాకుతుంది. ఈత కళ్లద్దాలు బిగించుకునేవాళ్లకు వచ్చే తలనొప్పిని వైద్యులు చాలాకాలంగా గుర్తించే ఉన్నారు. ముక్కు దూలం మీద చర్మం కాగితంలా పల్చన, కింద ఎముక. 2020లో కోవిడ్ వార్డుల్లో గంటల తరబడి ఎన్95 మాస్కులు పెట్టుకున్న నర్సుల ముక్కుల మీద పడ్డ పుండ్లు మనం ఫొటోల్లో చూశాం.

ఇక్కడా లెక్క సులువే. పట్టీ లాగుడు మొత్తం ఒక కిలో బరువంత ఉందనుకుందాం. అది 40 చదరపు సెంటీమీటర్ల మెత్త మీద సమంగా పరుచుకుంటే ఒత్తిడి 18 మిల్లీమీటర్ల పాదరసం. మెత్త ముఖం వంపుకు కుదరక 10 చదరపు సెంటీమీటర్లే తగిలితే అదే లాగుడు 74కి పోతుంది. చర్మంలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోయే హద్దుగా వైద్యులు ఎక్కువగా చెప్పే అంకె 32. అంటే ఫోమ్ ఎంత మెత్తనిది అన్నదానికన్నా ముఖాన్ని ఎంత మేర తాకుతోంది అన్నది ముఖ్యం. అంగుళం మందం మెత్త పెట్టినా వంపు తప్పైతే నొప్పి తప్పదు. వంపు కుదిరితే పల్చటి సిలికాన్ కూడా హాయిగా ఉంటుంది.

ముఖానికి అసలేమీ తగలకూడని మనుషులూ ఉన్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్ బృందం కాలిన గాయాలకు కట్లు మార్చే సమయంలో రోగి దృష్టిని మళ్లించడానికి స్నోవరల్డ్ అనే మంచులోకపు ఆటను తయారుచేసింది. గాయాన్ని కడుగుతుంటే కలిగే నొప్పి భరించలేనిది. ఆటలో మునిగితే ఆ నొప్పి తగ్గుతోందని చూశారు. కానీ ముఖం, తల కూడా కాలిన సైనికులకు హెల్మెట్ పెట్టేదెలా? కీళ్లున్న ఒక లోహపు చేయికి కళ్లద్దాలు బిగించి, రోగి కళ్ల ముందుకు తెచ్చి నిలిపారు. తల మీద బరువు లేదు, పట్టీ లేదు. ఎవరికి మందు అత్యవసరమో వాళ్ల ముఖమే కొలత అయింది. ముఖ అమరికల డిజైన్‌లో ఇంతకన్నా మంచి పని నాకు కనిపించలేదు.

ఎవరి ముఖం కొలిచారు?

మాస్కుల రంగం ఈ ప్రశ్నను హెడ్‌సెట్ల కన్నా చాలా ముందు ఎదుర్కొంది. అమెరికాలో కార్మికుల శ్వాస మాస్కులు సరిపోతాయో లేదో పరీక్షించడానికి దశాబ్దాల పాటు వాడిన కొలతలు 1967-68లో వైమానిక దళం వాళ్లవి. చిన్న వయసువాళ్లు, ఆరోగ్యవంతులు, ఎక్కువ మంది తెల్లవాళ్లు. కార్మికుల్లో ఆసియా వాళ్లున్నారు, వయసు మళ్లినవాళ్లున్నారు. చివరికి 2003లో అక్కడి వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 3,997 మంది ముఖాలు కొత్తగా కొలిచింది. ముఖం పొడవు, వెడల్పుల ఆధారంగా పది గళ్ల పట్టిక తయారైంది. ప్రతి గడి నుంచీ మనుషులను పిలిచి మాస్కు పెట్టి చూడాలి.

దాదాపు ఆ కాలంలోనే హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో రోజర్ బాల్ సైజ్‌చైనా పేరుతో సుమారు 2,000 మంది చైనీయుల తలలను త్రీడీ స్కానర్‌తో కొలిచారు. పాశ్చాత్యుల తలలతో పోలిస్తే అవి గుండ్రంగా, నుదుటి దగ్గరా వెనకా చదునుగా ఉన్నాయి. పాశ్చాత్య నమూనాతో చేసిన హెల్మెట్లు వాళ్లకు పక్కల్లో నొక్కుతాయని, ముందూ వెనకా ఖాళీ మిగులుతుందని అర్థమైంది. ఒకే అంకె చెప్పు అందరి కాళ్లకూ అమ్మితే సగం మందికి కరవక మానదు. తలలకు మాత్రం ఇన్నాళ్లూ ఆ పనే చేశారు.

కుదరని కొలత ప్రాణాల మీదికి తెచ్చే చోటు యుద్ధవిమానం. ఎఫ్-35 పైలట్ హెల్మెట్ అద్దం మీదే సమాచారమంతా కనిపిస్తుంది. ఒక్కోటి సుమారు 4 లక్షల డాలర్లు. పైలట్ తలను స్కాన్ చేసి, కనుపాపల స్థానం కొలిచి విడివిడిగా అమరుస్తారు. అంత శ్రద్ధ పెట్టినా, విమానం నుంచి బయటికి విసిరేసే క్షణంలో హెల్మెట్ బరువు తేలికపాటి మనిషి మెడను విరిచే ప్రమాదముందని తేలి 2015లో 62 కిలోల లోపు పైలట్లను పక్కన పెట్టారు. హెల్మెట్ బరువు తగ్గించి, సీటులో మార్పులు చేశాక 2017లో గానీ ఆ ఆంక్ష పోలేదు.

జడ, బొట్టు, కొబ్బరినూనె

ఇక మన దగ్గరికి వద్దాం. ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌ను ఊహించుకోండి. పది హెడ్‌సెట్లు, అరవై మంది విద్యార్థులు, ఏప్రిల్ నెల. మొదటి అమ్మాయికి బిగువైన జడ ఉంది. తల వెనక సరిగ్గా పట్టీ నిలవాల్సిన చోటే జడ మొదలవుతుంది. పట్టీ పైకి జారుతుంది, ముందు భాగం కిందికి వాలుతుంది. కొప్పు ఉంటే ఇంకా కష్టం. క్లిప్పులు నెత్తికి గుచ్చుకుంటాయి. తలకు పెట్టిన కొబ్బరినూనె పట్టీలోకి, నుదుటి చెమట ఫోమ్‌లోకి దిగుతాయి. స్టిక్కర్ బొట్టు మెత్తకు అంటుకుపోయి వస్తుంది. కుంకుమైతే చెరిగి మరకవుతుంది. తర్వాతి అబ్బాయికి మందపాటి కళ్లజోడు. చట్రం వెడల్పు హెడ్‌సెట్ లోపలికి పట్టదు. పట్టినా కళ్లజోడు అద్దం, కటకం రాసుకుని రెండూ గీతలు పడతాయి. ఆ తర్వాత తలపాగా చుట్టుకున్న విద్యార్థి, హిజాబ్ కట్టుకున్న విద్యార్థిని. మధ్యాహ్నానికి ఫోమ్ తడిసి వాసన కొడుతుంది. ఏ ఒక్కరికీ రెండోసారి పెట్టుకోవాలనిపించదు.

వీటిలో ఏదీ ఆ పిల్లల లోపం కాదు. వీటన్నిటికీ విరుగుడు ఇప్పటికే ఉంది. వెనక పట్టీని రెండు పాయలుగా చీల్చి మధ్యలో జడకు దారి వదలొచ్చు. చమురు పీల్చని సిలికాన్‌తో, అయస్కాంతంతో అతుక్కునే మెత్త చేస్తే ఒక్కొక్కరికి ఒకటి మార్చి, సబ్బుతో కడిగి ఆరబెట్టొచ్చు. వాల్వ్ ఇండెక్స్ హెడ్‌సెట్‌లో 2019లోనే అయస్కాంతపు మెత్త వచ్చింది. అందులో కటకాలను కంటికి దగ్గరగా, దూరంగా జరిపే మర కూడా ఉంది. కళ్లజోడు వాళ్లకు అది వరం. సిలికాన్‌తో ఒక ఇబ్బంది, గాలి ఆడక చెమట కింద నిలుస్తుంది. మన ఉక్కపోతలో గాలి దారులు తప్పనిసరి. లేకపోతే కటకాలకు ఆవిరి పడుతుంది. వెలుతురు పూర్తిగా ఆగాలి, గాలి మాత్రం ఆడాలి. ఈ రెండిటి మధ్యే డిజైనర్ నలుగుతాడు.

ఎన్ని మరలు పెట్టాలన్నదీ చిన్న ప్రశ్న కాదు. సర్దుబాటు ఎక్కువైతే బరువు, ధర పెరుగుతాయి, విరిగే చోట్లూ పెరుగుతాయి. క్వెస్ట్ 2కు విడిగా అమ్మిన గట్టి పట్టీ మొదటి విడతలో విరిగిపోతోందని 2020లోనే దాని అమ్మకం ఆపాల్సి వచ్చింది. రెండో వైపు చివర బిగ్‌స్క్రీన్ బియాండ్ ఉంది. 2023లో వచ్చిన ఈ హెడ్‌సెట్ బరువు 127 గ్రాములే. కొన్నవాళ్లు ఫోన్‌తో ముఖాన్ని స్కాన్ చేసి పంపితే ఆ వంపుకే మెత్త పోసి ఇస్తారు. అద్భుతంగా కుదురుతుంది, ఒక్కరికే. స్నేహితుడికి ఇచ్చి చూడమంటే కుదరదు. తర్వాతి మోడల్‌కు అందరికీ పనికొచ్చే మెత్తను కూడా చేర్చారు. ఇంట్లో ఒక్కరు వాడేదానికి అచ్చుపోసిన మెత్త మేలు. బడికీ, ఆసుపత్రికీ మాత్రం మూడు నాలుగు సైజుల్లో మార్చుకునే మెత్తలు, తేలిగ్గా తిరిగే రెండే రెండు సర్దుబాట్లు సరిపోతాయని నేను గట్టిగా నమ్ముతాను. ఒకటి కనుపాపల దూరం, రెండోది కంటికీ కటకానికీ మధ్య దూరం.

కానీ ఆ మూడు నాలుగు సైజులు ఏవి? అక్కడే మన చేతులు ఖాళీగా ఉన్నాయి. భారతీయుల శరీర కొలతల మీద దేబ్‌కుమార్ చక్రబర్తి గ్రంథాన్ని అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ 1997లో ప్రచురించింది. బల్లలూ కుర్చీలూ పనిముట్లూ చేసేవాళ్లకు అది పెద్ద ఆధారం. దుస్తుల సైజుల కోసం ఫ్యాషన్ సాంకేతిక విద్యాసంస్థ నిఫ్ట్ చేపట్టిన ఇండియాసైజ్ సర్వే ఆరు నగరాల్లో పాతిక వేల మందిని త్రీడీ స్కానర్‌తో కొలవాలని పెట్టుకుంది. ఆ ఆరింటిలో హైదరాబాద్ కూడా ఉంది. అవి ఒంటి కొలతలు. హెడ్‌సెట్‌కు కావాల్సినవి ముక్కు దూలం ఎత్తు, కనుబొమల ముందుకు పొడుచుకువచ్చే తీరు, చెంప ఎముకల వెడల్పు, తల వెనక వంపు. ఇవి ఆదిలాబాద్‌లో ఒకలా, శ్రీకాకుళంలో ఒకలా, సీమలో ఒకలా ఉండొచ్చు. కొలిస్తే గానీ తెలియదు.

కొలవడం ఇప్పుడు కష్టం కాదు. మంచి ఫోన్ కెమెరా చాలు. నమూనా మెత్తల చట్రాలు త్రీడీ ప్రింటర్ మీద గంటల్లో తయారవుతాయి. 2023 మార్చిలో హైదరాబాద్ రాయదుర్గంలో తెరిచిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్‌లో అలాంటి యంత్రాలున్నాయి. ఇంజినీరింగ్ విద్యార్థులు, ఒక చర్మవైద్యుడు, ఒక కంటి వైద్యుడు, మెత్తలు కుట్టడం తెలిసిన ఓ కారు సీట్ల పనివాడు కలిసి కూర్చుంటే చాలు. ఆ చివరి మనిషిని ఎవరూ పిలవరు. ఫోమ్ ఎక్కడ కోయాలో, కుట్టు ఎక్కడ చర్మానికి తగలకుండా మడవాలో అందరికన్నా బాగా తెలిసింది అతనికే.

అంతవరకూ ఆగక్కర్లేని పని ఒకటుంది. బడులకూ, నైపుణ్య శిక్షణ కేంద్రాలకూ, ఆసుపత్రులకూ హెడ్‌సెట్లు కొనేవాళ్లు టెండరు కాగితంలో తెర స్పష్టత పక్కనే మరికొన్ని వాక్యాలు రాయొచ్చు. ప్రతి హెడ్‌సెట్‌తో వెడల్పువీ సన్నవీ రెండు రకాల మెత్తలు ఇవ్వాలి. మెత్త ఊడదీసి కడగడానికి వీలుండాలి, విడిగా అయిదేళ్లు దొరకాలి. కళ్లజోడుతో పెట్టుకోవడానికి చోటుండాలి. కొనే ముందు జడ ఉన్నవాళ్లతో, కళ్లజోడు ఉన్నవాళ్లతో, సన్న ముఖం వాళ్లతో అరగంట పెట్టించి, తీశాక ముఖం చూడాలి.